ఎవరి పుట్టి?

కోవూరులో ఒక రైసుమిల్లు బాయిలరు నలభై ఒక్క ఏళ్ళు నడిపిన మనిషి పద్మనాభయ్య. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయినా బాయిలరు పరీక్షకు కూర్చుని సెకండ్ క్లాసు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ముందుగదిలో దేవుడి పటాలకన్నా జానెడు పైన వేలాడుతుంది. ఊక మంటలో నల్లపొగ లేస్తే, పొయ్యికి గాలి చాలలేదని గేటు దగ్గర నుంచే చెప్పేవాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన, "ఇట్టాంటి పొయ్యి జిల్లాలో ఇంకోటి లేదయ్యా" అన్నాడు. ఆ మాట పద్మనాభయ్య నోట విననివాళ్ళు కోవూరులో లేరు, రెండుసార్లు విననివాళ్ళూ లేరు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టడంలో ఆయన చెయ్యి ఒక్కసారి తప్ప ఎన్నడూ తప్పలేదు. ఆ ఒక్కసారి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం కూతురు వాణి వచ్చింది. బిట్రగుంట హైస్కూల్లో సైన్సు టీచరు. మర్నాడు నెల్లూరులో జిల్లా సైన్సు టీచర్లందరి ముందు మాట్లాడాలి. వసారాలో చార్టు పరిచి, దానిమీద గీసిన రెండు నిలువు పట్టీలకు రంగులు వేస్తోంది.

"ఏందిది, ఒకటి తాటిచెట్టు, ఇంకోటి దానికింద గడ్డిపరక?" అన్నాడు పద్మనాభయ్య వంగి చూసి.

"రెండు దేశాలు నాయనా. ఫ్యాక్టరీల్లో బొగ్గూ ఊకా కాల్చినప్పుడు, సరిగ్గా కాలకపోతే మీథేన్ అనే వాయువు బయటికి పోతుంది. కంటికి కనపడదుగానీ భూమిని వేడెక్కిస్తుంది. ఈ దేశం ఆ దేశానికన్నా ఇరవై రెండు రెట్లు ఎక్కువ వదులుతా ఉండాది."

"కాల్చేది ఎంతెంత?"

"దాదాపు సమానమే."

పద్మనాభయ్య నవ్వాడు. "సమానంగా కాల్చి ఇరవై రెండు రెట్లా? అంత పాడుపొయ్యిలో ఆవిరి కూడా లేవదు. ఆ దేశంలో బాయిలరోళ్ళందరూ నిద్రపోతా ఉండారా?"

"లెక్కలు నేను కల్పించలా. రెండు చోట్ల వెతికి తెచ్చినా. నీ మిల్లు ముచ్చట్లు వేరు, ఇది వేరు."

మామూలుగా అయితే ఈపాటికి ఇన్‌స్పెక్టరు మాట ఎత్తేవాడే. ఎత్తలేదు. గోడమీది సర్టిఫికెట్ వైపు ఒకసారి చూశాడు. కూతురికి పనికొచ్చే మాట ఒకటి ఆయన దగ్గర ఉంది. అది చెప్పాలంటే ఆ ఒక్కసారి సంగతి బయట పెట్టాలి. చెప్పకపోతే రేపు పిల్ల నలుగురిలో తలదించుకోవాల్సి వస్తుందేమో.

"పనిలో చేరిన రెండో ఏడు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వేరే జిల్లా వడ్లు వచ్చినాయి. తెచ్చినాయన ఐదు పుట్లు అన్నాడు. మన పుట్టి ఎనిమిది వందల యాభై కిలోలు గదా, ఆ లెక్కన ఆవిరి పట్టించేసినా. వాళ్ళ పుట్టి చిన్నదంట. వడ్లన్నీ పగిలి పాయసమైపోయినాయి. ఓనరు తిట్టలా. 'ముందు ఎవరి పుట్టో అడుగు, ఆనక నిప్పెయ్యి' అన్నాడు, అంతే."

వంటింటి గడపలో ఆయన భార్య ఆదిశేషమ్మ నోరు తెరిచి నిలబడింది. "ఇన్నేళ్ళు కాపరం చేసినా, ఈ ముక్క ఇప్పుడా చెప్పేది!"

"నువ్వు అడగలా." మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. "ఇవి ఎవరి పుట్లు వాణీ?"

వాణి ఫోను తీసింది. ఒక పట్టిక చూసింది, రెండోది చూసింది, కింద చీమతలకాయంత అక్షరాలను పెద్దవి చేసి చూసింది. కుంచె పక్కన పెట్టేసింది.

"నాయనా... గడ్డిపరకది ఉత్త మీథేన్ టన్నులు. తాటిచెట్టుది బొగ్గుపులుసు వాయువుకు, అదే కార్బన్ డయాక్సైడ్‌కు, మార్చి కట్టిన టన్నులు. ఒక టన్ను మీథేన్‌ను అట్ట మారిస్తే ఇరవై ఎనిమిది టన్నులవుతుంది."

"అయితే భాగించు."

భాగించింది. తాటిచెట్టు గడ్డిపరకకన్నా పొట్టిదైంది. చెయ్యని తప్పుకు ఒక దేశాన్ని నలుగురిలో నిలబెట్టబోయింది వాణి. అందుకే ఆ దేశాల పేర్లు ఇక్కడ రాయలేదు. చార్టు తిరగేసి, సాయంత్రందాకా కూర్చుని కొత్తది గీసింది. పద్మనాభయ్య స్కేలు పట్టుకున్నాడు. ఆ పని కూడా తనకన్నా నేర్పుగా చేసేవాళ్ళు లేరన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నెల్లూరు నుంచి వాణి ఫోన్ చేసింది.

"బాగా జరిగింది నాయనా. పుట్టి సంగతితోనే మొదలుపెట్టినా. అందరూ నవ్వినారు, ఆనక తమ చార్టులు తీసి కింద అక్షరాలు చూసుకున్నారు."

"పాయసం సంగతి చెప్పేసినావా?"

"చెప్పినా. సర్టిఫికెట్ సంగతీ చెప్పినా."

"ఇన్‌స్పెక్టరు మాట?"

"అది మరిచిపోయినా నాయనా."

"అసలుదే మరిచిపోయినావు," అన్నాడు పద్మనాభయ్య. ఫోను పెట్టేసి, ఆ మాటేదో చెబుదామని ఆదిశేషమ్మ కోసం వంటింట్లోకి నడిచాడు.