ఆ మధ్యాహ్నం యాదగిరి నిద్రపోలేదు

ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతోంది. ఇన్నేళ్ళూ ఒక్క మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. అన్నం తిన్నాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, నలుగురిలో నవ్వాను. ఆ మాట మాత్రం కిందికి దిగలేదు, బయటికీ రాలేదు. ఇక అలిసిపోయాను. పేరు రాయడం లేదు. పిరికితనం అనుకోండి, అదే నిజం. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేటలో పెద్దరోడ్డు పక్కన నాకు కార్ల రిపేరు షెడ్డు ఉండేది. ఎనభైల్లో పెట్రోలు కార్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించే పనితో మొదలుపెట్టాను. చేయి మంచిదని పేరొచ్చింది. మిర్యాలగూడ రైసుమిల్లుల సేట్లు, కోదాడ కాంట్రాక్టర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పొగడ్తంటే నాకు చెడ్డ ఆశ. 'ఈ పని మేస్త్రీ తప్ప ఇంకెవడూ చేయలేడు' అని ఎవరైనా అంటే ఆ పూట నాకు ఆకలి కూడా వేసేది కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా అక్కడే మొదలైంది.

తొంభైల్లో మిర్యాలగూడ సేటు ఒకాయన తన తెల్లకారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. అప్పట్లో ప్రతి మిల్లు ముందూ ఉండే పాత మోడలే. దానికి టర్బో ఉన్న జపాన్ డీజిల్ ఇంజన్ ఎక్కించమన్నాడు. అలాంటివి హైదరాబాదులో తుక్కు కింద దొరుకుతున్నాయని ఆయనకెవరో చెప్పారట. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే చిన్న చక్రం. అది తిరిగిందంటే బండి కుదురుగా ఉండదు, ఉరుకుతానంటుంది. మా చుట్టుపక్కల అలాంటి కారు ఎవరి దగ్గరా లేదు. సేటుకు కావలసింది అదే. నిజం చెప్పాలంటే నాకు కావలసిందీ అదే.

ఇంజన్ వచ్చింది. దించి చూస్తే చోటు చాలలేదు. రెండు వస్తువులు అడ్డం వచ్చాయి. ఒకటి, బ్రేకు తొక్కినప్పుడు కాలికి సాయం చేసే గుండ్రటి డబ్బా. బూస్టరు అంటాం. టర్బో గొట్టం సరిగ్గా అక్కడి నుంచే పోవాలి. రెండోది, ముందు బంపరు వెనక అడ్డంగా ఉండే ఇనుప పట్టీ. బండి దేన్నైనా గుద్దుకుంటే మొదటి దెబ్బ అది తింటుంది, ఇంజన్ లోపలి మనుషుల మీదికి రాకుండా చూస్తుంది. గాలిని చల్లబరిచే జాలీ బిగించాలంటే దాన్ని కోయాలి.

తెలియక చేశానా? కాదు. బాగా తెలుసు. బూస్టరును పక్కకు జరిపి వేరే బిగింపు చేయొచ్చు. పట్టీని ముందుకు తెచ్చి మళ్ళీ వెల్డింగు పెట్టొచ్చు. ఆ ఇంజన్ జోరుకు తగ్గ పెద్ద బ్రేకులు వేయొచ్చు. అంతా కలిపి ఇంకో పదిహేను రోజుల పని. దసరా చూస్తే నాలుగు రోజుల్లో ఉంది. మా వైపు దసరా నాడు బండికి పూజ తప్పదు. మిల్లు ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, హమాలీల నుంచి తోటి సేట్ల దాకా అందరూ చూస్తుండగా ఆయన ఆ బండి ఎక్కాలి. పూజనాటికి బండి లేకపోతే సేటుకు నామోషీ, నాకు అంతకంటే నామోషీ. రెండూ తీసేశాను. కోసిన చోటు కనబడకుండా తళతళలాడే కొత్త బంపరు బిగించాను. పండగ అయ్యాక పిలిపించి సరిచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నట్టు నాకు నేను చెప్పుకున్నానా? ఎంత వెనక్కి పోయి చూసినా తేలడం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. లారీకి పని చేస్తే, లోడు వేసి ట్రయల్ కొట్టి చూపించందే ఓనరు తాళం ముట్టుకోడు. కార్లకు ఆ అలవాటు లేదు. కొత్త సీటు కవర్ల మీద బస్తాలు ఎవరు వేయనిస్తారు? ఖాళీ బండిలో నేనొక్కణ్ణే పొద్దున్నే మునగాల దాకా పోయి వచ్చాను. బ్రేకు పట్టింది. ఖాళీ బండికి పట్టక ఏం చేస్తుంది? ఆ కారు రోజూ మోసేది నలుగురు మనుషుల్ని, డిక్కీ నిండా ధాన్యం శాంపిల్ సంచుల్ని అని నాకు తెలుసు. తెలిసీ ఆ పొద్దు ఈల వేసుకుంటూ షెడ్డుకు తిరిగొచ్చాను.

బండి తీసుకుపోవడానికి సేటు డ్రైవరు యాదగిరి వచ్చాడు. దామరచర్ల పిల్లగాడు, పాతికేళ్ళుంటాయి. పెళ్ళయి ఏడాది. బండిని కన్నబిడ్డలా తుడుచుకునేవాడు. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వచ్చి, స్టీరింగు వదలకుండానే నన్ను పిలిచాడు.

"అన్నా, బ్రేకు బిర్రుగున్నది. కాలుకు ఉన్న బలమంత పెడితే గాని పడ్తలేదు."

"కొత్త పని కద. నాలుగు దినాలు తోలితే అలవాటైతది."

"జోరు మస్తుగ పెరిగింది. బ్రేకులేమో పాతయే ఉన్నయ్. జర సూడన్నా."

"నాకే నేర్పుతున్నవా? భయమైతే నిమ్మలంగ తోలు."

షెడ్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. బండి తోలుకుని పోయాడు. అడిగిన ఒక్క మనిషి నోరు నేనే మూయించాను.

దసరా అయింది. సూర్యాపేట నుంచి కోదాడకు అరగంటలో పోయే కారని ఊరూరా చెప్పుకున్నారు. సేటు మిఠాయి డబ్బా పంపాడు. బండిని వెనక్కి పిలవాలంటే ఏం తీసేశానో చెప్పాలి. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ నాన్చాను. అలా కోతలు కూడా అయిపోయాయి.

ఒకరోజు మిల్లు గుమాస్తాను తీసుకుని యాదగిరి సూర్యాపేట మార్కెట్టుకు వచ్చాడు. గుమాస్తా పెద్దమనిషి, వచ్చినప్పుడల్లా నా షెడ్డులో చాయ్ తాగి పోయేవాడు. డిక్కీ నిండా శాంపిల్ సంచులు వేసుకుని, హోటల్లో భోజనం చేసి, కోదాడ వ్యాపారులకు చూపించాలని ఇద్దరూ అటు బయలుదేరారు. మునగాల దగ్గర ధాబాలోంచి లారీ ఒకటి రోడ్డు మీదికి తిరిగింది. కారు పోయి దాని నడుముకు గుద్దుకుంది. ఇంజన్ లోపలికి వచ్చేసింది. ముందు సీట్లో ఉన్న గుమాస్తా అక్కడికక్కడే పోయాడు. యాదగిరి కుడికాలు రెండు చోట్ల విరిగింది.

దవాఖానలో వాడు అందరికీ ఒకటే చెప్పాడు, తొక్కిన, ఆగలేదు అని. ఎవరు నమ్ముతారు? మిట్టమధ్యాహ్నం, కడుపునిండా అన్నం, చల్లటి గాలి. కునుకు తీశాడన్నారు. ఒకరు అంటే పదిమంది అన్నారు.

కారును స్టేషను ముందు పడేశారు. ఆ ఇంజన్ సంగతి తెలిసినవాణ్ణి నేనే కాబట్టి నన్ను పిలిపించారు. నుజ్జయిన తలుపు లాగి లోపలికి వంగాను. బ్రేకు పెడల్ కనిపించింది. దాని ఇనుప కాడ వంగిపోయి ఉంది. దెబ్బకు వంగింది కాదు, ఇంజన్ పెడల్ దాకా రాలేదు, బిగబట్టి తొక్కిన కాలే ఆ ఊపుకు విరిగింది. మనిషి ఒంట్లో బలమంతా పెట్టి తొక్కితే వంగిన వంపు అది. నిద్రపోయిన కాలు ఇనుమును వంచదు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో తెలిసింది నాకొక్కడికే.

తల బయటికి తీశాను. సేటు, పోలీసులు నావైపే చూస్తున్నారు. బ్రేకులు ఎట్లున్నాయని అడిగారు. మంచిగనే ఉన్నాయన్నాను. అబద్ధమా? పాత బ్రేకులు పాత పద్ధతిలో మంచిగానే ఉన్నాయి. ఆ ఒక్క ముక్కను అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళూ దాక్కున్నాను. మంచిగా లేనిది బ్రేకా, టర్బోనా, నేనా అని వాళ్ళు అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

యాదగిరి మీద కేసు నడిచింది. మళ్ళీ ఎవరూ వాడి చేతికి స్టీరింగు ఇవ్వలేదు. గుమాస్తా భార్య యాదగిరి ఇంటి ముందు నిలబడి మన్ను ఎత్తిపోసిందని విన్నాను. ఆ మన్ను నా తల మీద పడాలి. ఆ రోజు నేను మామూలుగానే షెడ్డు తెరిచి, మామూలుగానే పని చేసుకున్నాను.

అయిదారేళ్ళ తర్వాత కోదాడ బస్టాండులో ఎవరో 'అన్నా' అని పిలిచారు. యాదగిరి. కాలు ఈడుస్తూ, తోపుడు బండి మీద జామకాయలు అమ్ముతున్నాడు. ఒక కాయ కోసి ఉప్పూ కారం చల్లి నా చేతిలో పెట్టాడు. ఇదే సమయం, ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిచే లోపు వాడే మాట్లాడాడు.

"మొదట్ల తొక్కిననే అనుకున్నన్నా. అందరు కునుకు తీసినవ్ తీసినవ్ అంటే, ఇగ నాకు గట్లనే యాదికొస్తుంది. నేనే పండుకున్న. ఆ పెద్దమనిషిని నేనే సంపిన."

నేనేమన్నానో తెలుసా? అయిందేదో అయింది, మనసుల పెట్టుకోకు అన్నాను. భుజం తట్టాను కూడా. వాణ్ణి నేను క్షమించినట్టు. వాడు కళ్ళు తుడుచుకుని నాకు దండం పెట్టాడు. బస్సెక్కి కూర్చున్నాక చూసుకుంటే జామకాయ ఇంకా చేతిలోనే ఉంది.

ఉద్యోగం పోగొట్టాను, కాలు పోగొట్టాను, అవి చాలక వాడి సొంత జ్ఞాపకాన్ని కూడా లాక్కుని అబద్ధాన్ని చేతిలో పెట్టాను. ఒక మనిషిని ఇంతకంటే ఏం చేయగలం? వాడింకా అక్కడే అమ్ముతున్నాడట. కోదాడ మీదుగా పోవలసి వస్తే నేను బస్సు దిగను, కిటికీ వైపు కూర్చోను. రేపు దిగుతానని మీకు మాటివ్వలేను. మీరు నన్ను క్షమించాలనీ కాదు, అది మీ చేతిలోనూ లేదు. మొదటిసారి కాగితం మీద పెట్టాను, గొంతు కొంచెం తేలికయింది. అంతే.

వాడికి చెప్పవలసిన మాట ఇక్కడ రాసి ముగిస్తాను. యాదగిరీ, నువ్వు పండుకోలే. తొక్కినవ్. ఇనుము వంగేదాక తొక్కినవ్. నేను సూసిన.