ఆడి నెల అల్లుడు

నేను పెళ్ళి చేసుకున్నది ఒక విదేశీయుణ్ణి. ఆ సంగతి నాకు పెళ్ళయ్యాక తిరువళ్ళూరు ఆఫీసులో చెప్పారు. అంతవరకు నేను మా మేనత్త కొడుకును చేసుకున్నాననే అనుకుంటూ ఉన్నాను.

మా నాయనకు ఒక్కతే అక్క. ఆమెను సిలోన్‌లో, కొండల మీద ఏదో ఊర్లో అంగడి పెట్టుకున్న మన తెలుగువాళ్ళింటికి ఇచ్చారు. పడవెక్కి పోయిన మనిషి మళ్ళీ మా ఊరు తిరుత్తణి చూడలేదు. నేను పుట్టానని ఇక్కడినుంచి జాబు పోతే, "ఆ పిల్ల నా కొడుక్కే" అని తిరుగు జాబు రాయించిందట. అప్పటికి నాకు మెడ నిలవలేదు గానీ పెళ్ళి మాత్రం కుదిరిపోయింది. తర్వాత ఆమె అక్కడే కన్నుమూసింది. మాట మిగిలింది. ఆ మాట పట్టుకుని ఆయన వచ్చారు.

ఫారిన్ మాప్పిళ్ళ, అంటే అల్లుడు, వస్తున్నాడని వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. ఆయన ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు, ఒక డబ్బా నిండా టీ పొడి తెచ్చారు. పక్కింటి అక్కకు మనసు నిలవలేదు.

"ఏం అవ్వా, సిలోన్ నుంచి వచ్చినోడు ఒక ట్రాన్సిస్టరన్నా తేలేదా?"

"గొడుగు తెచ్చినాడు గదే," అంది మా అవ్వ.

"గొడుగు మనూర్లో దొరకదా?"

"మనూర్లో దొరికేది ఎండకి. ఇది వాన గొడుగు. నువ్వు వాన చూసి ఎన్నాళ్ళైందో ముందు చెప్పు."

అవ్వ అంటే మా నాయన తల్లి. అంటే ఆయనకు అమ్మ తల్లి. మా ఇద్దరికీ ఒకే అవ్వ. తన కూతురి కడుపున పుట్టినవాడు తన ఇంట్లోనే విదేశీయుడు ఎట్లా అవుతాడో ఆమెకు చివరిదాకా ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పలేకపోయారు. పైగా ఆయన మాట్లాడే తెలుగు మా తెలుగు కంటే పాతది. వాళ్ళమ్మ ఇక్కడినుంచి తీసుకుపోయిన మాటలను ఒక్కటి కూడా పారేయకుండా వాడుతూ ఉండేవారు. మేము అరవం కలిపేసి మరిచిపోయిన మాటలు ఆయన నోట విని అవ్వ కళ్ళు తుడుచుకునేది.

వైకాశి నెలలో కొండమీద గుళ్ళో పెళ్ళయింది. కొండ కింద మా ఇంటి ముందరి గదే పూజా సామాన్ల అంగడి. ఆయన అందులో కూర్చున్నారు. కర్పూరం, విభూతి, కావడికి కట్టే నెమలి ఈకలు అమ్మడం తొందరగానే పట్టుబడింది. ఒక్కటే మాకు వింతగా ఉండేది. కాఫీ ముట్టరు. పాలు లేని నల్లటి టీ పెట్టించుకుని, అందులో చక్కెర వేయనివ్వక, అరచేతిలో ఒక బెల్లం ముక్క పెట్టుకుని కొరుక్కుంటూ తాగేవారు. "పేదోళ్ళ తాగుడు" అని మా నాయన చాటుగా నవ్వేవాడు.

వీసా అనే మాట మా ఇంట్లోకి వచ్చింది అప్పుడే. ఆయనకు ఇచ్చిన గడువు ఆడి తర్వాత వచ్చే ఆవణి నెలలో అయిపోతుంది. పొడిగించకపోతే రామేశ్వరం పోయి పడవెక్కాలి. సిలోన్ నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి ఎవరినో ఒకరిని పెళ్ళాం అని చూపించేవాళ్ళు ఎక్కువయ్యారట. అందుకని పెళ్ళి నిజమా కాదా అని విచారించి, నిజమైతేనే ఇంకో సంవత్సరం ఉండనిస్తారట. దరఖాస్తు మీద ఆయన, మూడు భాషల్లో సంతకం చేయగలిగి ఉండీ, ఒక భాషలోనే చేశారు. నేను వేలిముద్ర వేశాను. అప్పట్లో నాకు అక్షరం రాదు.

విచారణకు మనిషి ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఆడి నెల మాత్రం చెప్పిన రోజుకే వచ్చింది.

ఆడి అంటే అరవవాళ్ళ ఆషాఢం. అందులో కొత్త అల్లుడు, కూతురు ఒక్కచోట ఉండకూడదు. మామూలుగా అయితే ఆ నెల అమ్మాయి పుట్టింటికి వస్తుంది. నేను పుట్టింట్లోనే ఉన్నాను, ఆయనకు సముద్రానికి ఇవతల వేరే ఇల్లు లేదు. అవ్వ ఒక పూట ఆలోచించి తేల్చేసింది.

"పిల్ల యాడికీ పోదు. వాణ్ణే పంపించండి."

"యాడికి పంపేది మా? అల్లుణ్ణి పంపిస్తారా ఎవరన్నా?" అన్నాడు నాయన.

"పాండూరులో నీ పినతండ్రి కొడుకు లేడా? ఆడి పట్టానికి విత్తనాలు యేస్తా ఉంటారు. మనిషి సాయం కావల్లంట. పోనీ."

ఆయన నా వైపు చూశారు. నేను గడప వైపు చూశాను. గొడుగు తీసుకుని పాండూరు బస్సెక్కారు.

మొదటి వారం నాకు హాయిగానే ఉంది. రెండో వారం నుంచి పొద్దున లేస్తే ఏదో తక్కువైనట్టు ఉండేది. ఏమిటా అని వెతుక్కుంటే, బెల్లం కొరికే చప్పుడు. ఒకరోజు ఎవరూ చూడకుండా నల్ల టీ పెట్టుకుని తాగాను. చేదు. అయినా తాగాను. ఆవణిలో ఈ మనిషిని నిజంగా పడవెక్కిస్తే ఏం చేయాలి అన్న భయం నాకు ఆ గ్లాసుతోనే మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే విచారణకు కానిస్టేబులు వచ్చాడు. ఆర్.కె.పేట మనిషి, తెలుగువాడే.

"ఏమ్మా, మీ ఇంటాయన యాడ?"

"పాండూరులో ఉండాడు."

"ఎప్పుడు పోయినాడు?"

"ఆడి పుట్టినప్పుడు."

"ఎప్పుడొస్తాడు?"

"ఆవణిలో."

కానిస్టేబులు కలం పట్టుకుని ఆగిపోయాడు. లోపలినుంచి అవ్వ వచ్చింది. "ఆడి గదా నాయనా. నీకు తెలీదా?"

"నాకు తెలుసు అవ్వా. నా పెళ్ళానికి తెలుసు, నా అత్తకు ఇంకా బాగా తెలుసు. ఈ కాగితానికి తెలీదే!"

కాగితం మీద తాను చూసింది రాసుకున్నాడు. భర్త ఆ ఇంట్లో లేడు. ఎప్పుడొస్తాడంటే భార్య పై నెల పేరు చెప్పింది. అబద్ధం ఒక్కటీ లేదు. చదివినవాడికి మాత్రం దొంగ పెళ్ళి అని తోచక తప్పదు.

తిరువళ్ళూరు పోలీసు ఆఫీసుకు రమ్మని పిలుపు వచ్చింది. నాయన, అవ్వ, నేను బస్సులో పోయాం. ఆయన పాండూరు నుంచి సైకిలు మీద, పంచె అంచుకు బురదతో వచ్చారు. నన్ను చూసి నవ్వబోయారు. అవ్వ దగ్గింది.

ఆఫీసులో మాకు ఒక బల్ల చూపించి కూర్చోమన్నారు. అవ్వ నన్ను ఈ చివర, ఆయన్ను ఆ చివర కూర్చోబెట్టి, మధ్యలో తాను, తన సంచి, నాయన సర్దుకున్నారు. ఆఫీసరు ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసు మనిషి. అరవం అప్పుడే నేర్చుకుంటున్నాడు, తెలుగు అసలు రాదు. మా ఆర్.కె.పేట కానిస్టేబులే మాటలు అటూ ఇటూ మార్చాడు. ఆఫీసరు మా బల్లను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి ఏదో అన్నాడు.

"మొగుడూ పెళ్ళాం ఎవురు అని అడగతా ఉండాడు," అన్నాడు కానిస్టేబులు.

ఇద్దరం చెయ్యెత్తాం.

"ఈయన నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పుట్టినప్పటినుంచి," అన్నాను. నాకు తెలిసిన నిజం అదే.

ఆయన్ను అడిగారు. "పెళ్ళికి ముందు వారం చూసినాను," అన్నారు ఆయన. అదీ నిజమే.

ఆఫీసరు రెండూ రాసుకుని, రెండింటి కిందా గీత గీశాడు. అవ్వ లేచి నిలబడి మా అత్త జాబు సంగతి మొదలుపెట్టింది. ఇది చెప్పాలంటే అది చెప్పాలని, తన కూతురి పెళ్ళి పందిరి దాకా పోయింది. కానిస్టేబులు అదంతా విని ఆఫీసరుకు రెండు ముక్కల్లో చెప్పాడు. ఆఫీసరు తల ఊపాడు గానీ మెత్తబడలేదు. ఆచారం ఆచారమే, రూలు రూలే అన్నాడు. భార్య దగ్గర ఉండటానికి గడువు అడిగినవాడు భార్య దగ్గర లేడు. పై వారంలో ఏదో ఒకరోజు మనిషిని పంపిస్తాను, ఇద్దరూ ఒకే ఇంట్లో కనిపిస్తే సిఫారసు చేస్తాను, లేదంటే పడవే అన్నాడు.

"ఆడిలోనా!" అని అవ్వ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఆడిలో మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపి పెట్టమని పోలీసోళ్ళు చెప్తారా? ఇదేం రాజ్యం? ఇతనికి అమ్మ లేదా, అవ్వ లేదా? చెప్పేవాళ్ళే లేరా ఇంట్లో?"

ఆఫీసరు కానిస్టేబులు వైపు తిరిగి ఏమంటోందని అడిగాడు.

"సరే అంటోంది సార్," అన్నాడు కానిస్టేబులు.

అవ్వ బస్టాండు దాకా విసవిసా నడిచింది. పక్కన సైకిలు నడిపించుకుంటూ వస్తున్న ఆయన్ను చూసి, చివరికి, "ఏమిరా, పడవెక్కేదానికి నీకు ఇష్టమేనా?" అంది.

"నాకు పడవ పడదవ్వా. వచ్చేటప్పుడే వాంతులు."

"గమ్మునుండు. నీకు అన్నిట్లో ఎగతాళే. అట్లయితే ఇంటికి రా."

అవ్వ ఆచారాన్నీ వదల్లేదు, రూలునూ వదల్లేదు. ఆయన అంగడిలో పడుకోవాలి. నేను లోపలింట్లో. అంగడికీ ఇంటికీ మధ్య గడపకు అడ్డంగా అవ్వ చాప. ఇల్లు ఒక్కటే కాబట్టి సర్కారుకు సరిపోయింది, గడప మధ్యలో ఉంది కాబట్టి ఆడికీ సరిపోయింది. వీధిలో వాళ్ళకు మాత్రం మేము మంచి కాలక్షేపం. "అల్లుడు ఆడి అలకకి పోయినాడంటే విన్నాం గానీ, పోలీసోళ్ళు పట్టుకొచ్చి ఇచ్చిన అల్లుణ్ణి ఇప్పుడే చూస్తా ఉండాం," అంది పక్కింటి అక్క. ఆడి కృత్తిక పండగకు కొండకి కావళ్ళతో జనం విరగబడి వచ్చారు. ఆ గుంపులో ఆయన నెమలి ఈకలు అమ్ముతూ, మధ్యలో తలుపు సందులోంచి లోపలికి చూస్తూ ఉండేవారు. ఆ సందుకు సరిగ్గా ఎదురుగా నాకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

కృత్తిక రద్దీ తగ్గిన మర్నాడు తెల్లవారగానే కానిస్టేబులు వచ్చాడు. అంగడిలో ఆయన్ను చూశాడు. గడపకు అడ్డంగా పడుకున్న అవ్వను చూశాడు. అవతల పొయ్యి దగ్గర నన్ను చూశాడు.

"ఇద్దరూ ఈ ఇంట్లోనే ఉండారు," అన్నాడు రాసుకుంటూ. "అయితే అమ్మా, ఒక మాట. నేను వస్తానని తెలిసి ఒక మనిషిని తెచ్చి అంగట్లో కూర్చోబెట్టొచ్చు గదా? అట్ల కాదని ఆఫీసరుకు నేనేం చెప్పేది?"

ఏం చూపించాలి? పెళ్ళి ఫోటో ముందే ఇచ్చాం. తాళి కనిపిస్తూనే ఉంది, అది ఎవరు కట్టారో తాళికి రాసిపెట్టి ఉండదు. చేతిలో ఉన్న గ్లాసు తీసుకుపోయి, అవ్వను దాటి, ఆయన ముందు పెట్టాను. ఆడిలో ఆ గడప దాటడం అదే మొదలు. నల్ల టీ. పక్కన బెల్లం ముక్క.

"ఇదేంది?" అన్నాడు కానిస్టేబులు.

"ఆయన కాఫీ తాగరు. పాలు పోస్తే తాగరు. బెల్లం టీలో వేస్తే అలుగుతారు. కొరుక్కోవాల్సిందే. పెద్ద ముక్క ఇస్తే సగం దాచిపెట్టుకుంటారు, సాయంత్రానికి. దాచింది ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. చీమలు పట్టాక నాకే తెలుస్తుంది."

నా జీవితంలో ఒక పోలీసు ముందు అంత పొడుగు మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆయన బెల్లం నోట్లో పెట్టుకుని కిందికి చూస్తూ ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

కానిస్టేబులు కలం మూత పెట్టేశాడు. "తెచ్చి కూర్చోబెట్టిన మనిషి మీద ఇన్ని చాడీలు చెప్పలేరు లేమ్మా. నాకూ ఒక గ్లాసు ఇయ్యి. పాలు పోసి."

ఆడి ఇంకా కొన్నాళ్ళు మిగిలి ఉండగానే కాగితం వచ్చింది. ఒక సంవత్సరం. వరలక్ష్మికి నోములు నోచినవాళ్ళకు మొగుడు నూరేళ్ళకు వస్తాడంటారు. నాకు ముద్ర వేసి ఏడాదికి ఇచ్చారు. ఇచ్చినంతే చాలు అనుకున్నాను.

అవ్వ కాగితాన్ని కళ్ళకు అద్దుకుని, దేవుడి పటం దగ్గర పెట్టి, వెంటనే ఆయన గొడుగు తెచ్చి చేతికిచ్చింది. "ఇంగ పాండూరుకు పో. మిగిలిన ఆడి ఆడ గడుపు."

ఆయన గొడుగు తీసుకోలేదు. పటం దగ్గరనుంచి కాగితం తెచ్చి విప్పారు. "పోయేదానికి లేదవ్వా. ఇందులో షరతు ఉండాది. రాసిచ్చిన ఇల్లు వదిలి వేరే ఊర్లో ఉంటే నేరమంట. పట్టుకుని పడవెక్కిస్తారంట."

"యాడ రాసింది?"

"ఇదిగో, ఈడ." వేలు పెట్టి చూపించారు. ఇంగ్లీషు. గుక్క తిప్పుకోకుండా చదివి, తెలుగులో అర్థం చెప్పారు. అవ్వ నాయనకు చూపించమంది. కూడికలు తప్ప చదవడం రాని నాయన కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూసి, "ఉండాది మా," అన్నాడు.

అవ్వ గొడుగు మూలన పెట్టింది. కాసేపటికి గడప దగ్గర చాప చుట్టి లోపలికి తీసుకుపోయింది. మా పెద్దది మంచి ఎండల్లో, చిత్తిర నెలలో పుట్టింది. అట్లా పుట్టకూడదనే ఈ ఆడి ఆచారమంతా పెట్టారు. బిడ్డ చెమటకాయలతో ఏడ్చినప్పుడల్లా అవ్వ తిరువళ్ళూరు ఆఫీసరును తిట్టేది.

నేను అక్షరాలు నేర్చుకునేసరికి ఆ బిడ్డకే పెళ్ళీడు వచ్చింది. నేర్చుకున్నది తెలుగు. ఆ కాగితం ఇంగ్లీషు. ఇప్పటికీ పెట్టెలో ఉంది. చదవగలిగిన పిల్లలు ఇంట్లో ముగ్గురు తిరుగుతున్నారు. ఆ షరతు అందులో నిజంగా ఉందా అని నేను ఎవరినీ అడగలేదు. ఆయన కూడా నేను అడుగుతానేమోనని చూశారు గానీ, తానుగా చెప్పలేదు.