మోతీ గిన్నెలో కార్జం

ఒక ముసలి కుక్క చావుకు, అంతకంటే ఎక్కువగా ఒక మనిషికి ఉన్న మంచిపేరు పోవడానికి నేను కారణం. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇరవై అయిదేళ్ళకు పైగా పట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేకపోయేదాన్ని.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లోనే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. మావారు డిగ్రీ చదివి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేసేవారు. నేను చదివినన్ని పుస్తకాలు ఆయన చదవలేదు. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయకుండా ఉండటానికి చాలా అవస్థపడేదాన్ని. నిజానికి అంత అవస్థేమీ పడలేదేమో.

మాదాపూర్‌లో హైటెక్ సిటీ మొదటి భవనం లేచిన కాలం అది. చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. మేము కోస్తా నుంచి వచ్చి ఖాజాగూడలో ఒక ఇంటి మేడమీద అద్దెకు దిగాం. కింది వాటాలో గ్రేస్ గారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు, ఒంటరిగా ఉండేవారు. ఆవిడకున్న తోడల్లా మోతీ అనే పదకొండేళ్ళ కుక్క. ఇంటిపని చేసి, మోతీకి వండి పెట్టేది యాదమ్మ. ఆ ఊరి మనిషే. యాభై దాటి ఉంటాయి.

యాదమ్మ వంట నేను రోజూ చూసేదాన్ని. బియ్యం మెత్తగా ఉడికించి, అందులో సొరకాయ ముక్కలు వేసి, ఉప్పు లేకుండా దించేది. ఎప్పుడో ఒకరోజు రెండు కోడిమాంసం ముక్కలు చిదిమి కలిపేది. కుక్కకు పథ్యమేమిటని నాకు నవ్వొచ్చేది.

ఒకసారి గ్రేస్ గారి అన్నయ్యకు ఆపరేషన్ అయితే ఆవిడ నెలరోజులకని విజయవాడ వెళ్ళారు. వెళుతూ నాతో, యాదమ్మ అంతా చూసుకుంటుంది, మీరు కాస్త కనిపెట్టి ఉండండి అన్నారు. ఆవిడ అన్నది అంతే. నేను విన్నది వేరు. చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అప్పగించారని విన్నాను.

అప్పటికి మూడు ఆదివారాలుగా బస్సెక్కి నగరంలోని గ్రంథాలయానికి వెళుతున్నాను. అక్కడ కుక్కల పోషణ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఇంటికివ్వని పుస్తకం. అక్కడే కూర్చుని నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేదాన్ని. కుక్క పళ్ళు మాంసం కోసం పుట్టినవట. ఒట్టి అన్నంతో కండ పట్టదట. కార్జం, గుడ్డు, మాంసం ఎంతెంత పెట్టాలో పట్టికలు ఉన్నాయి. పిల్లకుక్కల అధ్యాయం, పనిచేసే కుక్కల అధ్యాయం ఎక్కించేశాను. ముసలి కుక్కలు, జబ్బు కుక్కల అధ్యాయం మిగిలింది. వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాను. అంతవరకు ఎందుకు ఆగలేదు? తెలుసుకున్నది వెంటనే చేసి చూపించాలన్న తొందర. ఎవరికి చూపించాలని? అది ఇప్పటికీ సరిగా చెప్పలేను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మాది నీచు ముట్టని ఇల్లు. గుడ్డు కూడా గడప దాటి రాదు. అలాంటిదాన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాంసం దుకాణం ముందు నిలబడ్డాను. కొట్టతను నా బొట్టూ, మడతలు నలగని చీరా చూసి నవ్వాడు.

"కలేజీ ఎవరికమ్మా? సార్‌కు తెలిస్తే పరేషాన్ అయితది జర చూస్కో."

కలేజీ అంటే కార్జమే. కుక్కకని చెప్పాను. తల ఊపాడు గాని నమ్మినట్టు లేదు. మావారు ఆఫీసుకు వెళ్ళాక, గ్రేస్ గారి వంటింట్లో, ఆవిడ గిన్నెలోనే వండాను. వాసన పోవడానికి కిటికీలన్నీ తెరిచాను. అయినా ఏదో గొప్ప పని చేస్తున్నట్టుగా ఉంది. జ్ఞానం కోసం ఆచారాన్ని దాటానని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ వండి పెట్టాక తలస్నానం చేసి మేడెక్కేదాన్ని. మావారికి చెప్పలేదు.

మొదటిరోజే యాదమ్మ అడ్డుపడింది.

"వద్దమ్మా. పోయినేడు దవాఖానకు నేనే తోల్కపోయిన. దీని గుర్దాలు ఖరాబైనయంట. కార్జం గిట్ల అసలుకే పెట్టొద్దన్నడు డాక్టర్ సారు."

గుర్దాలంటే మూత్రపిండాలని నాకు తెలుసు. ఆమె చెప్పింది స్పష్టంగా అర్థమైంది. ఏదో విని ఏదో గుర్తుపెట్టుకుందిలే అనుకున్నాను. ఆమెకు అక్షరం రాదు. నా దగ్గర నోటుపుస్తకం ఉంది. నువ్వు ఊడ్చి వెళ్ళు యాదమ్మా, తిండి సంగతి నేను చూసుకుంటాను అన్నాను. గ్రేస్ గారు నాకే చెప్పి వెళ్ళారని కూడా అన్నాను.

మొదటి వారం మోతీ కుర్రకుక్కలా అయింది. నా అడుగుల చప్పుడు వింటే చాలు లేచి వచ్చేది. బొచ్చు నిగనిగలాడింది. ఇక చదవనక్కర్లేదనిపించి, మధ్యలో వచ్చిన ఆదివారం గ్రంథాలయానికి వెళ్ళలేదు. చూశావా అన్నట్టు యాదమ్మ వైపు చూసేదాన్ని. ఆమె తల వంచుకుని ఊడ్చుకుంటూ పోయేది.

రెండో వారంలో నీళ్ళు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. తర్వాత వాంతులు. నోటినుంచి ఒకరకమైన పాడువాసన. ఆ ఆదివారం గ్రంథాలయానికి వెళ్ళి మిగిలిన అధ్యాయం తీశాను. పెద్దదేమీ కాదు. మూత్రపిండాలు చెడిన ముసలి కుక్కకు ఏం పెట్టకూడదో అందులో ఉంది. నేను పెట్టినవన్నీ ఉన్నాయి. ఏం పెట్టాలో కూడా ఉంది. మెత్తటి అన్నం, ఉడికించిన కూరగాయలు, ఉప్పు లేకుండా, మాంసం బాగా తక్కువగా. యాదమ్మ వంట అంతా అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో ఉంది.

పుస్తకం మూసేశాను. ఆ అధ్యాయాన్ని మాత్రం ఎక్కించుకోలేదు.

ఇంటికి వచ్చి, ఇవాళ్టినుంచి నీ అన్నమే వండు యాదమ్మా అన్నాను. కారణం చెప్పలేదు. అప్పటికే మోతీ ముద్ద ముట్టడం లేదు. యాదమ్మే దాన్ని ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్ళింది. నాకు వీలుకాదన్నాను. ఏం పెట్టారని డాక్టరు అడుగుతాడు కదా, అందుకని. అయిదో రోజున అది చనిపోయింది. కబురందుకుని గ్రేస్ గారు మర్నాడు పొద్దున్నే దిగారు.

ఆ పొద్దున్న జరిగింది మాత్రమే మీకు పూర్తిగా చెప్పాలి. మిగతాదంతా తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఇది అలా కాదు.

కింది వరండాలో నలుగురం ఉన్నాం. గ్రేస్ గారు, యాదమ్మ, మావారు, నేను. గ్రేస్ గారు ఏడవలేదు. ఏం పెట్టావు యాదమ్మా, వద్దన్నవి ఏమన్నా పెట్టావా అని అడిగారు.

"నేను పెట్టలేదమ్మా. ఈ అమ్మ పెట్టింది. దినాం కార్జం తెచ్చి వండింది. వద్దంటే ఇనలే."

మావారు నవ్వేశారు. చావు ఇంట్లో నవ్వకూడదని కూడా మరిచిపోయారు.

"మా ఇంట్లో కార్జమా? బాగుందండీ. ఈవిడ గుడ్డు చూస్తేనే తలస్నానం చేసే మనిషి."

గ్రేస్ గారు నావైపు తిరిగారు. నన్ను అనుమానించి కాదు, ఇలాంటి మాట నా మీద పడ్డందుకు నొచ్చుకుంటూ. యాదమ్మ కూడా నన్నే చూస్తోంది. ఆమె ముఖంలో కోపం లేదు. నేను ఇప్పుడు చెప్పేస్తానన్న నమ్మకం ఉంది. అందులో అనుమానమే లేదు.

"నేనెందుకు ముట్టుకుంటాను యాదమ్మా?" అన్నాను.

అంతే. అబద్ధం కూడా సరిగా ఆడలేదు. ప్రశ్నలా అడిగాను. జవాబు వాళ్ళందరికీ ముందే తెలుసు. ముట్టని ఇంట పుట్టడమే నాకు సాక్ష్యమైంది.

యాదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, "మంచిగ చదువుకున్నదానివి" అంది. తాళంచెవి గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. గ్రేస్ గారు ఆమెను మళ్ళీ పిలవలేదు. కుక్కకు పాచి మాంసం పెట్టి చంపి, పైగా పెద్దింటావిడ మీదికి నెట్టిందట అన్న మాట వీధంతా పాకింది. పాచి అన్న మాట ఎవరు కలిపారో తెలియదు. నేను కలపలేదు. కాదని చెప్పనూ లేదు. ఆమె పనిచేసే మిగతా రెండిళ్ళవాళ్ళు కూడా మానిపించారు.

మావారికి భయపడి అలా అన్నానని చాలాకాలం అనుకున్నాను. అత్తగారికి తెలిస్తే వంటింట్లోకి రానివ్వరని. అదీ నిజమే. కాని లోపల ఇంకోటి ఉంది. అక్షరం రాని మనిషి ముందు, తప్పు చదివాను అని ఒప్పుకోవాల్సి వచ్చేది. సరిగా చెప్పాలంటే, సగమే చదివాను అని. మాంసం వండినందుకు కాదు నేను సిగ్గుపడింది, దానికి.

కొన్ని నెలల తర్వాత బస్సులో వెళుతూ, కడుతున్న ఒక ఆఫీసు దగ్గర ఆమెను చూశాను. నెత్తిన సిమెంటు తట్ట ఉంది. బస్సు అక్కడ ఆగింది. ఆమె నన్ను చూసింది, గుర్తుపట్టింది. చూపు తిప్పుకోలేదు. తిప్పుకున్నది నేను. దిగడానికి వ్యవధి ఉంది. ఎంతసేపంటే, దిగాలా వద్దా అని రెండుసార్లు అనుకోగలిగినంత.

తర్వాత మావారికి బదిలీ అయి ఆ చోటు వదిలేశాం. గ్రేస్ గారు చాలా ఏళ్ళు కొత్త సంవత్సరానికి కార్డు పంపేవారు, ఎప్పుడూ ఆప్యాయంగానే. ప్రతి కార్డుకూ జవాబు రాశాను. ఏ జవాబులోనూ ఇది రాయలేదు. యాదమ్మ ఉందో లేదో తెలియదు. వెతకలేదు. వెతికానని మీకు చెబితే బాగుండేది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ వరండాలో ముగ్గురి ముందు అనాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఆ ముగ్గురిలో ఎవరూ లేని ఈ చోట, ఆలస్యంగా, రాస్తున్నాను.

యాదమ్మ చెప్పింది నిజం. మోతీకి కార్జం వండి పెట్టింది నేను. వద్దని ఆమె చెప్పింది. నాకు అర్థమైంది కూడా.