వీపు మీద తాళం

యోసు రేవు దగ్గరి ఆడవాళ్ళ స్నానశాలలో బున్‌రే అక్క, నేను పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్ళం. వేడినీళ్ళలో నానివచ్చిన వాళ్ళను పడుకోబెట్టి, గరుకు గుడ్డతో ఒంటి మురికి తీయడం మా పని. ఒక పక్క అయ్యాక అరచేత్తో రెండుసార్లు చరిస్తే మనిషి రెండో పక్కకు తిరుగుతుంది. ఏ స్నానశాలలోనైనా అంతే.

బున్‌రే అక్క రెండింటితో ఆగేది కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ, నాయనమ్మ ఎదురెదురుగా కూర్చుని, ఉతికిన బట్టల ముడతలు పోయేలా బండ మీద కర్రలతో కొట్టేవారట. ఆ చప్పుడు ఆమె చేతుల్లో ఉండిపోయింది. చేపలమ్మే మక్‌సిమ్‌కు చెక్క మీద కత్తి పడ్డట్టు టకటకా కొట్టేది. పెళ్ళి దగ్గరపడ్డ పిల్లకు ఊపిరి తీసుకోనివ్వని వరస. మొగుడు సముద్రంలో పోయిన ఒకామెకు మాత్రం అరచెయ్యి గుల్లగా పట్టి, చాలా నెమ్మదిగా. ఆమె బోర్లా పడుకునే ఏడ్చి, ముఖం కడుక్కుని వెళ్ళేది.

స్నానశాలను కొత్తగా కొన్న గ్యోంగ్‌రాన్‌కు ఇది నచ్చలేదు.

"ఇదేమన్నా డోలు వాయించే చోటా? రెండు చరుపులు చాలు," అంది.

"రుద్దడం మీరిచ్చిన పని మేడమ్, చెప్పినట్టే రుద్దుతాను. తాళం నాది," అంది అక్క, చెయ్యి ఆపకుండానే.

"అయితే దాన్ని ఇంట్లో పెట్టి రా."

శనివారం జనం కిటకిటలాడుతుంటే గ్యోంగ్‌రాన్ వచ్చి బల్ల పక్కనే నిలబడింది. అక్క ఆమె వంక చూడనైనా లేదు. మక్‌సిమ్‌కు ఒక పక్క రుద్దడం ముగించి టకటకా మొదలుపెట్టింది. గ్యోంగ్‌రాన్ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. చప్పుడు సగంలో తెగిపోయింది.

మక్‌సిమ్ కదల్లేదు.

"తిరగండమ్మా," అంది గ్యోంగ్‌రాన్.

"అది పూర్తి కాలేదుగా. అయ్యాక తిరుగుతా."

"వెనకాల ఇంతమంది కాచుక్కూచున్నారు."

"కూచోనీ. నా చేపలన్నీ అమ్ముడుపోయాయి, నాకేం తొందర లేదు."

వేడినీళ్ళ తొట్టిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. గ్యోంగ్‌రాన్ చెయ్యి వదిలింది. అక్క ఆగినచోట అందుకోలేదు. మళ్ళీ మొదటినుంచి కొట్టింది.

సోమవారానికి అక్క బల్లను బాయిలర్ గది గోడవారకు, అన్నిటికన్నా దూరపు మూలకు జరిపించారు. అక్కడ గోడలు దగ్గరగా ఉండటంతో ప్రతి చరుపూ రెండింతలై హాలంతా వినబడింది. గ్యోంగ్‌రాన్‌కూ వినబడే ఉంటుంది. బల్లను వెనక్కి తెప్పించలేదు, మళ్ళీ మాటా అనలేదు. వచ్చేవాళ్ళు తడికాళ్ళతో ఆ మూలదాకా నడిచి వెళ్ళేవారు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "నాకూ నేర్పవా అక్కా?"

"నాది నీకెందుకు? నీ ముందు పడుకున్న మనిషిని చూసి కొట్టు."

మర్నాడు నూడుల్స్ కొట్టు ఆవిడ వీపు మీద నాకు తోచిన తాళమేదో ప్రయత్నించాను. ఆవిడ తలెత్తి, "ఏమ్మా, చెయ్యి బెణికిందా?" అంది.

దూరపు మూలనుంచి బున్‌రే అక్క గొంతు వినబడింది. "ఆపకు. మళ్ళీ కొట్టు."