సీటు మీది రుమాలు

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన నైతిక విలువల పుస్తకం పట్టుకొచ్చి, మంచిచెడులు మనకు ఎవరు నేర్పుతారన్న ప్రశ్న కింద తల్లిదండ్రులు, మతం, చట్టం, మనస్సాక్షి అని నాలుగు జవాబులు చూపించి, ఒకదానికి టిక్కు పెట్టమంది. నాకు నవ్వాగలేదు. నాకు నేర్పింది ఒక ఎర్రగళ్ల రుమాలు. దానికక్కడ గడి లేదు.

మన కాలంలో బస్సు సరిగ్గా ఆగకముందే కిటికీలోంచి రుమాలో, తువ్వాలో, చేతిసంచో సీటు మీదికి వేసేవాళ్లం, గుర్తుందా? గుడ్డ పడితే సీటు వాళ్లదే. ఎంత మొరటు మనిషైనా దాన్ని ముట్టుకునేవాడు కాదు. నేను కొత్తగా టీచరునై, పిల్లలకు నిజాయితీ గురించి గొంతు పోయేలా చెబుతున్న రోజులవి. కరీంనగర్ ఆస్పత్రిలో మా అవ్వ కాలికున్న సిమెంటు కట్టు విప్పించి, ఎక్కువసేపు నిలబడితే కాలు మళ్లీ మొదటికొస్తుందన్న డాక్టరు మాటకు బెదిరిపోయి పెద్దపల్లి బస్సెక్కితే, ప్రతి సీటు మీదా ఏదో ఒక గుడ్డ ఉంది. అటూ ఇటూ చూసి, ఎర్రగళ్ల రుమాలొకటి తీసి నా సంచిలో కుక్కి, అవ్వను కూర్చోబెట్టేశాను.

రుమాలు వేసిన పెద్దాయన ఎక్కి, సీటు కింద వంగి వెతికి, కిటికీలోంచి బయటికి కూడా చూసి, గాలికి పోయిందనుకున్నాడేమో, మా పక్కనే నిలబడ్డాడు. మండే ఎండలు. కారుతున్న చెమటను పాపం అరచేత్తో తుడుచుకుంటున్నాడు, తుడుచుకునే గుడ్డేమో నా సంచిలో ఉంది. నేను బయటి పొలాలను జన్మలో చూడనట్టు చూస్తున్నాను.

సుల్తానాబాద్ ఇంకా రాకముందే అవ్వ నా కొంగు లాగి, "గా పెద్దమనిషికి చేతనైతలేదు బిడ్డా. నన్ను జర లేపు, ఆయనను కూసోమను" అంది.

ఇక నా వల్ల కాలేదు. ఒప్పుకుంటే బస్సంతా వింటుంది, ఆయన లేవమంటే అవ్వ కాలు ఏమైపోతుందో. అయినా రుమాలు బయటికి తీసి, నేనే దాచానని చెప్పేశాను. ఆయన ముందు దాంతో మొహమంతా తృప్తిగా తుడుచుకుని, "అడిగితే ఇయ్యనంటనా బిడ్డా?" అన్నాడు. కాలు ఎట్లా విరిగిందని అవ్వతో ముచ్చట పెడుతూ, పెద్దపల్లి దాకా నిలబడే వచ్చాడు.

తర్వాత పుస్తకాలు చాలా చదివాను, పాఠాలూ చాలా చెప్పాను. కానీ ఏ పని ముందైనా తటపటాయిస్తే నేను చూసుకునేది ఒక్కటే: దీన్ని ఎదుటివాళ్లను నోరు తెరిచి అడగగలనా? అడగలేని పనైతే మానుకోవడమే. ఇప్పుడు సీటు నంబరు ఫోన్లోనే వస్తుంది, హాయిగానే ఉంది, కాదనను. ఎవరినీ ఏదీ అడగాల్సిన అవసరం లేకుండా పోయింది. అడిగితే ఇచ్చేవాళ్లు మన పక్కనే నిలబడి ఉన్నా ఇక మనకు తెలియదు, నాకదే బెంగ.