చిట్టి మా ఇంట్లోనే ఉందనడానికి రుజువు

పిల్లలున్నవాళ్ళకు ఇల్లు అద్దెకివ్వం అని వాకిట్లోనే బోర్డు పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనని కాలం అది. ఎనభైల నడుమ, న్యూజెర్సీలో, ఎడిసన్‌కి కాస్త ఇవతల ఒక మూడంతస్తుల ఇటుక భవనంలో మా అక్కావాళ్ళు ఉండేవారు. దానికీ అలాంటి బోర్డే ఉండేది: 'పెద్దలకు మాత్రమే'. ఇప్పుడు తలచుకుంటే మాకు అప్పుడున్న తెగువకు ఆశ్చర్యం వేస్తుంది గానీ, నిజానికి అది తెగువ కాదు, అంత తక్కువ అద్దెకు ఇంకెక్కడా ఇల్లు దొరక్కపోవడం. అక్క గుంటూరులో నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఇక్కడి లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా ఒక వృద్ధుల ఆసుపత్రిలో నర్సుల చేతికింద పనిచేస్తోంది. బావకు ఆరు నెలలు పని లేక, తరవాత ఒక బేకరీలో దొరికింది. నేను బెజవాడలో ఒక దినపత్రికలో ఏడాదిన్నర సబ్ఎడిటరుగా వెలగబెట్టి, పైచదువుకని వచ్చి, వాళ్ళ హాల్లో సోఫా మీద మకాం పెట్టినవాణ్ణి. ఇక మిగిలింది నాలుగేళ్ళ మా మేనకోడలు చిట్టి. అద్దె ఒప్పందం ప్రకారం చిట్టి లేదు.

లేని పిల్లను ఇంట్లో ఉంచుకోవడానికి ఒక పద్ధతి కావాలి కదా. ఆ పద్ధతి రూపకర్తను నేనే. కింద మొదటి వాటాలో ఉండే మేనేజరమ్మ (అరవై దాటిన వితంతువు, గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, ఎండాకాలంలో కూడా ఉన్ని స్వెటరు) ఎప్పుడు కాఫీ తాగుతుంది, ఎప్పుడు చెత్తడబ్బాలు చూడ్డానికి వెళుతుంది, ఎప్పుడు టీవీ ముందు కూర్చుంటుంది, అన్నీ వారం రోజులు గమనించి, పత్రికలో పేజీకి నమూనా గీసినట్టు ఒక కాగితం మీద గళ్ళు గీసి వంటింట్లో అంటించాను. చిట్టి బయటికి వెళ్ళాలంటే బట్టల బుట్టలో, పైన రెండు దుప్పట్లు. బట్టలు ఉతికే గది వెనక మెట్ల పక్కనే ఉండడం దేవుడి దయ. వారానికి పద్నాలుగు సార్లు బట్టలు ఉతుక్కునే కుటుంబం మాది ఒక్కటే అయివుండాలి. ఏడాది గడిచినా మేనేజరమ్మ పల్లెత్తు మాట అనలేదు. నా పథకం మీద నాకు గర్వంగా ఉండేది.

ఆ రోజుల్లోనే బావ ఆ ఏటి పన్ను కాగితాలు నింపాడు. కష్టపడి పనిచేస్తూ, చాలీచాలని సంపాదనతో, ఇంట్లో పిల్లను పెంచుకునేవాళ్ళకు ప్రభుత్వం 'క్రెడిట్' అనే పేరుతో పన్నులో కొంత మినహాయించి, పన్ను అంత లేకపోతే మిగతాది చెక్కుగా ఇస్తుందని బేకరీలో ఎవరో చెప్పారు. లెక్క వేస్తే మూడు వందల చిల్లర డాలర్లు. సరిగ్గా అక్క పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు, పరీక్ష జరిగే ఊరికి రానుపోను ఖర్చులకు సరిపోతాయి. ఫీజు కట్టే గడువు దాటితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న నర్సు ఉద్యోగం అన్నాళ్ళు అక్క కోసం ఆగదు. అందుకని చెక్కు కోసం అందరం పోస్టు డబ్బా చుట్టూ తిరుగుతుంటే, చెక్కు బదులు ఉత్తరం వచ్చింది.

బావ దాన్ని రెండుసార్లు చదివి కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రూఫ్ పంపమంటున్నారోయ్. చిట్టి ఏడాదిలో సగానికి పైగా మన అడ్రసులోనే ఉందని."

"ఉంది కదా," అంది అక్క.

"ఉందని మనకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

నేను గోడ మీది గళ్ళ కాగితం వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను.

మంచి ఉత్తరం రాస్తే కాని పని ఉండదని నాకు ఆ రోజుల్లో గట్టి నమ్మకం. (బెజవాడలో మా న్యూస్ ఎడిటరు ఈ నమ్మకాన్ని పోగొట్టడానికి ఏడాదిన్నర శ్రమించి ఓడిపోయాడు.) నాలుగు పేజీలు రాశాను. చిట్టి ఉంగరాల జుట్టుతో మొదలుపెట్టి, ఆమె పెరుగన్నం తినే తీరు మీదుగా, మాతృప్రేమ దగ్గర ముగించాను. పన్నుల కార్యాలయం నుంచి పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. మొదటి ఉత్తరమే, తేదీ మాత్రం మార్చారు. ఈసారి ఏ రుజువులు పనికొస్తాయో ఉన్న వరస చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టారు: బడి, డాక్టరు, మతగురువు, ఇంటి యజమాని లేదా మేనేజరు. వీళ్ళలో ఎవరి ఉత్తరమైనా చాలు.

చిట్టికి ఇంకా బడి ఈడు రాలేదు. డాక్టరు దగ్గరికి వెళదామంటే, ఆ పిల్లకు ఏడాదిగా జలుబైనా చేయలేదు. "దగ్గినా బాగుండేది," అన్నాడు బావ, చిట్టిని నిందగా చూస్తూ. ఇక మిగిలింది మా పాస్టరు అయ్యగారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి నేలమాళిగలో మా తెలుగు ఆరాధన జరిగేది. అయ్యగారు తెనాలి వైపు మనిషి, అబద్ధమాడని మనిషి. అదే వచ్చిన చిక్కు.

"వందనాలు అయ్యగారూ. చిట్టి మా ఇంట్లోనే ఉంటుందని ఒక్క ముక్క రాసివ్వాలి."

"తప్పకుండా రాస్తానమ్మా. నేను చూసినంత వరకు రాస్తాను."

ఆయన చూసినంత వరకే రాశారు: ఈ బాలికను ప్రతి ఆదివారం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు చూశాను, మిగతా సమయంలో ఆమె ఎక్కడుంటుందో ఆ దేవుడికే తెలుసు. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "దేవుణ్ణి సాక్షిగా పంపమనరు కదా," అన్నాడు.

ఇక మేనేజరమ్మ తప్ప దిక్కు లేదు. అంటే, ఏడాది పాటు ఎవరి కంట పడకుండా పిల్లను దాచామో ఆమె దగ్గరికే వెళ్ళి, పిల్ల ఉందని రాసివ్వమని అడగాలి. రాస్తే ఇల్లు పోతుంది. రాయకపోతే పరీక్ష పోతుంది. ఆమె నిజంగానే చూసి ఉండకపోతే రెండూ పోతాయి, చెప్పుకున్నందుకు.

"చుట్టపుచూపుగా వచ్చిందని చెబుదామా?" అన్నాడు బావ.

"చుట్టపుచూపుకు క్రెడిట్ ఇవ్వరండీ," అంది అక్క. "వెళ్ళి అడగరా తమ్ముడూ. ఇల్లు ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇంకో ఆరు నెలలు నేను ఆ మంచాల కింద గిన్నెలు మోయలేను," అంది.

మర్నాడు ఉదయం ఆమె కాఫీ వేళకు (గళ్ళ కాగితం ప్రకారం తొమ్మిదీ పది) వెళ్ళి తలుపు తట్టాను. దారిలో ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్న ఉపన్యాసమంతా ఆమె కళ్ళద్దాలు పెట్టుకోగానే మరిచిపోయి, పన్నుల వాళ్ళ ఉత్తరం చేతికిచ్చేశాను. ఆమె తాపీగా చదివింది.

"అంటే, మీరు ఒప్పందం ఉల్లంఘించారని నేను సర్టిఫై చేయాలా?"

"అవునండీ."

"ఎన్నాళ్ళు ఉల్లంఘించినట్టు కావాలి?"

"కనీసం ఏడు నెలలండీ."

ఆమె లేచి బీరువాలోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది. "నా దగ్గర పదకొండు ఉన్నాయి," అంది.

అన్నీ ఉన్నాయి, తేదీ, వేళతో సహా. రెండో అంతస్తు మెట్ల మీద చిన్న చెప్పు, ఒకటి. కిటికీలో చిన్న చెయ్యి. బట్టల బుట్ట తుమ్మింది. బట్టల బుట్ట నాకు గుడ్ మార్నింగ్ చెప్పింది. అది చదివి నా చెవులు వేడెక్కాయి.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారండీ?"

"ఓనరు అడగలేదు. అడగనిదానికి నేను జవాబు చెప్పను. ఇప్పుడు మీరు కాగితం మీద అడిగారు, కాగితం మీద చెబుతాను." టైపు మిషను మీది గుడ్డ తీస్తూ, "ఒక కాపీ ఓనరుకు వెళుతుంది. అది రూలు," అంది. నేను సరేనన్నాను.

ఆమె ఉత్తరం ఒక పేజీకి మించలేదు. నా నాలుగు పేజీల కంటే వంద రెట్లు బలంగా ఉంది. చివర ఇంకో వాక్యం కూడా టైపు చేసింది: వీరితో పాటు ఒప్పందంలో లేని ఒక యువకుడు పూర్తిగా పన్నెండు నెలలు సోఫా మీద నివసిస్తున్నాడు. అక్క అది చదివి, ఆ నెలలో మొదటిసారి నవ్వింది. "నువ్వు చిట్టి కన్నా ఒక నెల సీనియరువిరా. నీ మీద కూడా క్రెడిట్ ఇస్తారేమో కనుక్కో." బావ మాత్రం నవ్వలేదు. కనుక్కుంటే తప్పేమిటన్నట్టు నా వైపు చూశాడు.

ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు ముందు వచ్చింది, చెక్కు తరవాత. ఫీజు గడువుకు నాలుగు రోజులు మిగిలి ఉండగా అక్క డబ్బు కట్టింది. మేం వెళ్ళిపోతున్న రోజు మేనేజరమ్మ గుమ్మం దాకా వచ్చి చిట్టికి ఒక చాక్లెట్ ఇచ్చి, లోపలికి వెళ్ళి రిజిస్టరులో ఏదో రాసుకుంది.

కొత్త ఇల్లంటే ఒక పాత చెక్క ఇంట్లో పై వాటా. కుళాయిలు మూలిగేవి గానీ బోర్డు లేదు. అక్కడికి మారిన మూడో వారంలో అక్క పరీక్షకు వెళ్ళింది. (పాసైంది. ఆ నర్సు ఉద్యోగం కూడా వచ్చింది.) ఆ రోజు బావ బేకరీకి వెళ్ళాడు, నేనూ చిట్టీ మిగిలాం. చూస్తే ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద గది దాటుతోంది. నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా, "మావయ్యా, ఇక్కడ నేనున్నానా?" అంది.

ఉన్నావమ్మా, గట్టిగా మాట్లాడొచ్చు, గెంతొచ్చు అని చెప్పాను. నమ్మలేదు. ఇంకా వివరంగా చెప్పాను, పత్రికా భాషలో, కారణాలతో సహా. అయినా నమ్మలేదు. చివరికి నేనే గది మధ్యలో నిలబడి, ఇరవై నాలుగేళ్ళ మనిషిని, సబ్ఎడిటరుగా చేసినవాణ్ణి, రెండు కాళ్ళూ ఎత్తి గెంతాను. అలమరలో గ్లాసులు మోగాయి. చిట్టి కాసేపు తలుపు వైపు చూసి, ఎవరూ రాకపోయేసరికి, "ఇంకోసారి," అంది, కొంచెం పెద్దగా. గెంతాను. ఆరోసారికో ఏడోసారికో కింద ఇంటి ముసలాయన మెట్లెక్కి వచ్చాడు.

"గెంతేది పిల్లేనా?"

"కాదండీ," అన్నాను. "నేను."

ఆయన నన్ను కిందినుంచి పై దాకా చూశాడు. "పిల్లయితే ఫర్వాలేదు," అన్నాడు. "నువ్వు మాత్రం మానెయ్."

సర్లెమ్మని ఒప్పుకున్నాను. ఆయన దిగిపోయాక చిట్టి నా వంతు కూడా కలిపి, సాయంత్రం అక్క వచ్చేదాకా గెంతింది. సోఫా మీద కూర్చుని ఉత్తరాల మహిమ గురించి ఆలోచిస్తూ ఉండిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, వాడు గెంతడం అంత తొందరగా ఎందుకు మానేశాడా అనీ అనిపిస్తుంది.