చద్దరు చాటున రంగుచుక్క

పోయిన ఆదివారం సోలాపూర్‌లో హోట్గి రోడ్డు మీది మా కాలనీలో కారు కడుగుతుంటే బానెట్ అంచున నువ్వుగింజంత తెల్లటి మచ్చ కనబడింది. ఎక్కడో కంకర రాయి ఎగిరి తగిలి ఉంటుంది. దుకాణంలో కొనుక్కొచ్చిన చిన్న రంగుసీసా మూత విప్పాను. ఆ ఘాటైన వాసన ముక్కుకు తగలగానే దాని వెనకే పొగాకు వాసన కూడా వస్తుందేమోనని, నాకు తెలియకుండానే, కాసేపు ఎదురుచూశాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ రెండు వాసనలూ ఎప్పుడూ కలిసే ఉండేవి.

అప్పుడు మేం ఈ ఊళ్లోనే భవాని పేట్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందర ఒక కారు పట్టేంత ఖాళీ జాగా, ఎడమ పక్క గోడకు ఆనుకుని పవర్‌లూమ్ కారఖానా. మగ్గాల చప్పుడు పొద్దున మొదలైతే గోడకు తగిలించిన అద్దం సన్నగా అదురుతూనే ఉండేది, కరెంటు పోయి అవి ఆగినప్పుడే మాకు చెవులున్నాయని గుర్తొచ్చేది. చలికాలం పొద్దుటిపూట రంగు అద్దిన నూలు చిలపలు వెదురు గడల మీద వేలాడి బొట్లు బొట్లుగా కారుతుంటే, వీధి కాలువ ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారేది. ఎండాకాలం మధ్యాహ్నాలు తునికాకులు తడిబట్టలో చుట్టిపెట్టి, మేం అవ్వ అని పిలిచే అమ్మా, చిన్నమ్మా గడప దగ్గర చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. మేం పిల్లలం వాళ్లు కత్తిరించి పారేసిన ఆకుముక్కలను పళ్లేలనుకుని, వాటిలో ఉత్తుత్తి జొన్నరొట్టె, షెంగా చట్నీ వడ్డించుకుని తినేవాళ్లం. నిజం షెంగా చట్నీ, పల్లీలూ ఎల్లిపాయా రోట్లో నూనె తేలేదాకా దంచినది, సాయంత్రం నాన్న, మా బాపు, కారఖానా నుంచి వచ్చాకే దొరికేది.

బాపు తమ్ముడు అంబాదాస్. నాకు చిన్నాయిన. ఇంట్లో మగ్గం పని చేయని మగవాడు ఆయనొక్కడే. కుర్రతనంలో కొన్నేళ్లు చేసి, తర్వాత ఒక గ్యారేజీలో కార్లకు రంగు వేయడం నేర్చుకున్నాడు. కారు మొత్తానికి రంగు కొట్టే యంత్రం ఆయన దగ్గర లేదు. రోడ్డు మీద కంకర ఎగిరి తగిలిన చోట రంగు లేచిపోయి మచ్చ పడుతుంది చూడండి, అవి పూడ్చడమే ఆయన పని. మా వీధిలో కంకరను ఖడీ అంటారు గనక వాటిని ఖడీ మచ్చలనేవారు. చెరకు లారీలు తిరిగే కాలంలో రోడ్లు పాడై, కార్ల ముక్కులన్నీ అమ్మవారు పోసినట్టయ్యేవి. అప్పుడు మా ఇంటి ముందర ఒకటి పోతే ఒకటి వచ్చి నిలబడేది.

ఆయనకు రంగు పోల్చే కన్ను వాళ్ల నాయిన నుంచి వచ్చింది. మా తాత నూలుకు రంగులద్దేవాడు. చిన్నాయిన గాజుపలక మీద నాలుగు రంగులు కలిపి, ఆరనిచ్చి, ఒకసారి ఎండలో ఒకసారి నీడలో కారు పక్కన పెట్టి చూసేవాడు. తడి రంగును నమ్మొద్దనేవాడు. తెలుపే అన్నిటికన్నా కష్టమని, ఏ రెండు కార్ల తెలుపూ ఒకటి కాదని చెబితే మేం నవ్వేవాళ్లం.

మచ్చలు పడకుండా ఆపాలని కూడా ఆయన ఒక ప్రయత్నం చేశాడు. పాత సోలాపూర్ చద్దరును, ఆ మందపాటి నేత దుప్పటిని, కత్తిరించి, అవ్వ చేత అంచులకు ఎలాస్టిక్ కుట్టించి, ఒక టాక్సీ ముక్కుకు తొడుగులా వేశాడు. వీధంతా వచ్చి చూసింది. నెల తర్వాత విప్పితే కంకర దెబ్బ ఒక్కటీ లేదు కానీ, చద్దరు కింద చేరిన దుమ్ము రాసుకుని రాసుకుని బానెట్ మెరుపంతా పోయింది. వారం రోజులు రుద్ది మెరుపు తెచ్చి పంపాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకు నెలకోసారి మైనం రుద్దుకోండని, చక్రాల వెనక రబ్బరు పట్టీలు కట్టించుకోండని మాత్రమే చెప్పేవాడు. మిగిలిన చద్దరు ముక్కను గోడ నుంచి కరెంటు స్తంభం దాకా పరదాగా కట్టాడు. తడిరంగు మీద దుమ్ము పడకుండా అని అందరికీ చెప్పాడు.

అది సగమే నిజం. నాకు ఆరేళ్లు వచ్చేసరికే చిన్నాయిన చేతులు వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. ఎవరైనా వస్తే ఒక చేతిలో గుడ్డపీలిక ఉంచుకుని, రెండోది వెనక్కి పెట్టుకునేవాడు. నరాల జబ్బని డాక్టరు చెప్పాడట. రంగు కలపడానికి వణుకు అడ్డం కాలేదు. నువ్వుగింజంత గుంటలో, అంచు దాటకుండా, చుక్క పెట్టడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

ఆ చుక్క ఆయన భార్య, మా చిన్నమ్మ బాలామణి పెట్టేది. పొద్దంతా బీడీల మూతులు గోటితో మడిచిన వేళ్లు ఆమెవి. పరదా వెనక పీట వేసుకుని కూర్చుని, ముందు సూదిమొనతో తుప్పు గీకేది, థిన్నర్ గుడ్డతో తుడిచేది, బూడిదరంగు ప్రైమర్ అద్ది ఆరనిచ్చేది. తర్వాత సన్నగా చెక్కిన చీపురుపుల్ల కొసన రంగు ఎత్తి, ఊపిరి బిగబట్టి, గుంట నడుమ వదిలేది. ఆ చుక్క తనంతట తానే అంచుల దాకా పాకేది. ఆరితే కుంగుతుంది గనక మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి, చుట్టుపక్కల రంగుకన్నా వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా. పైన మెరుగునూనె. వారం తర్వాత నీళ్లు చల్లి, సన్నటి గరుకుకాగితంతో ఆ ఎత్తును అరగదీసి సమం చేస్తే, మచ్చ ఎక్కడుండేదో తెలిసేది కాదు. ఇదంతా చిన్నాయిన నేర్పిందే. మూడునాలుగేళ్లు మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆడమనిషి చేయి పడిందంటే కారు ఎవరూ తేరని ఆయన భయం.

ఒక దసరా ముందటి రోజు రాజేశం సేఠ్ కారు వచ్చింది. బాపు పనిచేసే కారఖానా ఆయనదే. ముదురు కుంకుమరంగు కారు, పండుగ పూజకు మచ్చ కనబడకుండా ఉండాలని చెప్పి పంపాడు, అరగదీసే పని పండుగ తర్వాతే. ఏటా డ్రైవర్ వచ్చి తీసుకుపోయేవాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం సేఠ్ తానే వచ్చాడు. వీధిలో బంతిపూల బండ్ల మధ్య నుంచి నడిచి వచ్చి, ఎవరినీ పిలవకుండా పరదా పక్కకు లాగాడు.

చిన్నమ్మ చేతిలో పుల్ల అట్లాగే ఉంది. బానెట్ మీద అయిదారు బూడిదరంగు చుక్కలు ఆరుతున్నాయి.

"ఏంది అంబాదాస్ ఇది? నా గాడి ఆడమనిషి చేతికిచ్చినవా?"

బాపు అన్నం ముందు నుంచి ఎంగిలిచేత్తో లేచి వచ్చాడు. అవ్వ ఒళ్లోని చేట దించి గడప దగ్గరే నిలబడిపోయింది. బాపు పని పోతుందని ఇద్దరూ అనుకున్నారని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, ఎదురింటివాళ్లంతా బయటికి వచ్చి చూస్తున్నారని. చిన్నాయిన ఏదో ఒక అబద్ధం చెబుతాడనుకున్నాను. ఆయన గుడ్డపీలిక కింద పడేసి రెండు చేతులూ ముందుకు చాచాడు. అవి ఎండలో అందరి ముందర వణికాయి.

"జూడుండ్రి సేఠ్. గీ చేతులతోని చుక్క పెట్టస్తదా? నాలుగేండ్ల సంది బాలామణినే చేస్తున్నది. నిరుడు మీ గాడికి పెట్టింది గూడ గామెనే."

సేఠ్ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, బానెట్ మీదికి వంగి, నిరుటి మచ్చల కోసం వెతికాడు. బొటనవేలితో తడిమి చూశాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు.

"ఏడున్నయి?" అన్నాడు చివరికి.

చిన్నమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "గిదొకటి. గా దీపం పక్కకు రెండు. గీ అంచుకున్నదాంట్ల తుప్పు లోతుకు దిగుండె, మూడు దినాలు పట్టింది." ఆమె వేలు పెట్టిన చోటల్లా సేఠ్ ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. ఏమీ కనబడలేదు కాబోలు, కళ్లద్దాలు తీసేసి మంచం మీద కూర్చున్నాడు.

"కానియ్యి చెల్లె. నేను ఆగుత," అన్నాడు. అవ్వ మంచినీళ్లు ఇచ్చింది. రెండుసార్లు చాయ్ తాగి, రంగు చుక్కలు ఆరేదాకా కూర్చుని, పోయేటప్పుడు మాత్రం చిన్నాయినను పక్కకు పిలిచి, "పరదా అట్లనే ఉండనియ్యి అంబాదాస్. లోకులు మంచోళ్లు కారు," అన్నాడు.

మర్నాడు పూజకు చిన్నాయిన గాజుపలకా, సూదీ, చీపురుపుల్లా కడిగి పసుపుకుంకుమలు పెట్టాడు. చిన్నమ్మ పరదా విప్పి, ఉతికి, మళ్లీ కట్టకుండా మంచం మీద పరిచింది. తర్వాత చిన్నాయిన అవ్వతో, "పానం తేలికైంది వదినె," అన్నాడని అవ్వ ఎన్నోసార్లు చెప్పింది.

సేఠ్ మాట అబద్ధమేం కాదు. సంగతి తెలిసిన గ్యారేజీవాళ్లు కార్లు పంపడం మానేశారు. వీధి చివర మగవాళ్లు చిన్నాయినను చూసి నవ్వేవారు. టాక్సీవాళ్లు మానలేదు. వాళ్లు చిన్నాయినను పలకరించి, నేరుగా చిన్నమ్మ ముందుకు వచ్చి, మరాఠీలో వదినను పిలిచినట్టు, "వైనీ, జర జూడుండ్రి," అనేవారు. ఆయన కార్లు కడిగేవాడు, రంగు కలిపేవాడు, తీరిక దొరికితే ఆమె పక్కన కూర్చుని తునికాకులు తడిపి ఇచ్చేవాడు. అట్లా ఇంకో తొమ్మిదేళ్లు గడిచాయి.

చిన్నాయిన పోయాక రంగు పోల్చేవాళ్లు లేక ఆ పని ఆగిపోయింది. గోడ పక్క కారఖానా మూతపడి, అక్కడ మూడంతస్తుల ఇల్లు లేచింది. వీధి కాలువ మీద పలకలు పరిచారు, ఇప్పుడు ఏ రంగు నీళ్లు పారుతున్నాయో ఎవరికీ తెలియదు. మా జాగాలో మోటారుసైకిళ్లు పెడుతున్నారు. చిన్నమ్మ కళ్లకు ఆపరేషన్ అయింది, బీడీలు మానేసింది. ఇప్పుడు కార్లకు కంటికి కనబడని ప్లాస్టిక్ పొర అంటిస్తున్నారని చెబితే, "మంచిగైంది," అంది.

మొన్న ఆమెను కళ్లు చూపించడానికి తీసుకుపోతుంటే, మా ముందర కంకర టిప్పరు ఒకటి రాళ్లు రాలుస్తూ పోతోంది. నేను దాన్ని దాటుదామని దగ్గరగా పోనిచ్చాను. చిన్నమ్మ నా మోచేతి మీద చేయి వేసింది.

"జర వెనక ఉండు బిడ్డా. రాయి తాకితే చుక్క ఎవలు పెడతరు ఇప్పుడు?"

నేను వేగం తగ్గించాను. వెనకవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. ఆమె మాత్రం టిప్పరు బాగా దూరం పోయేదాకా నా చేయి వదల్లేదు.